పసిమనస్సుకు వైద్యం – దారిఖర్చు

జ్వరం వచ్చిన పిల్లవాడికి ఇంట్లో ఒక మంచం దొరుకుతుంది. తల్లి నుదుట చేయి వేసి చూస్తుంది. తండ్రి పని మానుకొని ఆస్పత్రికి తీసుకుపోతాడు. ఇరుగుపొరుగులు వచ్చి పలుకరించిపోతారు. అదే పిల్లవాడు పదిరోజులుగా అన్నం సహించక, నిద్రపట్టక, బడికి పొమ్మంటే గడప పట్టుకొని వణికిపోతూ ఉంటే, వాడికి మంచమూ లేదు, పలుకరింపూ లేదు. ఒళ్లు వంగక అని ఒకరు, మొండితనమని ఒకరు, గాలి సోకిందని మరొకరు తీర్పు చెప్పివేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెపట్టుల్లో ఆ తీర్పు తర్వాత జరిగే తతంగం కూడా ఒక వరుసలోనే నడుస్తుంది. మొదట దిష్టి తీస్తారు. తర్వాత తాయెత్తు కడతారు. అదీ పనిచేయకపోతే నాలుగు దెబ్బలు వేస్తారు. మన్యం ఊళ్లలో ఎజ్జోడిచేత పూజ చేయిస్తారు. ఇవన్నీ అయి, పిల్లవాడు సగానికి సగం తగ్గిపోయిన తర్వాత, ఏ మేష్టారో చూసి, మనోవైద్యుడికి చూపించమని సలహా చెబుతారు. ఆ మాట విన్న తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న జబ్బును గురించి కాదు. “ఎంతౌతాది బాబూ?” అన్నదే ఆ ప్రశ్న.

ఈ ప్రశ్నను అజ్ఞానమని తోసిపుచ్చరాదు. జబ్బు పేరు తెలియకపోయినా తమ చేతిలో ఉన్నదెంతో ఆ తల్లిదండ్రులకు బాగా తెలుసు. ప్రజల్లో మానసిక వ్యాధులను గురించి అవగాహన పెంచాలని సభల్లో, పత్రికల్లో తరచు వినవస్తున్నది. అవగాహన పెరగవలసిందే. కాని అవగాహన కలిగిన తర్వాత కూడా వైద్యం అందుబాటులో లేకపోతే, ఆ తెలివిడి తల్లిదండ్రులకు మరొక దుఃఖంగా మాత్రమే మిగులుతుంది. కాబట్టి ముందుగా తేలవలసింది ఖర్చు సంగతి: ఆ ఖర్చు ఎక్కడ పుడుతున్నది, దాన్ని ఎవరు మోయాలి, ఎట్లా మోయాలి?

ఉత్తరాంధ్ర పసివాళ్ల మనస్సులమీద పడుతున్న బరువులు కొన్ని అన్నిచోట్లా ఉన్నవే. కొన్ని ఈ నేలకు ప్రత్యేకమైనవి. వలస అన్నింటిలోకి పాతది. ఇళ్లు కట్టే పనులకు హైదరాబాదుకూ మద్రాసుకూ తల్లిదండ్రులు తరలిపోతే, తాతవద్దనో అమ్మమ్మవద్దనో మిగిలిపోయే పిల్లలు ప్రతి ఊరి బడిలోనూ ఉన్నారు. సముద్రపు ఒడ్డున ఉన్న గ్రామాలనుంచి మత్స్యకారులు గుజరాత్ తీరానికి పోయి వేట చేస్తారు. 2018 నవంబరులో అట్లా పోయినవారిలో కొందరు పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలోగాని విడుదల కాలేదు. తండ్రి బతికి ఉన్నాడో లేదో నిశ్చయంగా తెలియని ఏడాదికి పైబడిన ఆ కాలాన్ని వారి పిల్లలు ఎట్లా గడిపి ఉంటారో ఊహించుకోవలసిందే. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఇంటింటినీ పీడిస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆస్పత్రి వెలిసింది. రోగికి అది గొప్ప ఉపశమనమే. కాని తండ్రి రక్తశుద్ధికి పోయివచ్చే రోజుల్లో ఇంటి పనీ, తమ్ముళ్ల పనీ, భయమూ కలిసి పన్నెండేళ్ల ఆడపిల్ల నెత్తిన పడుతున్న సంగతి ఏ ఆస్పత్రి లెక్కలోనూ చేరదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ ప్రాంతంలోనే కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలమట్టం చేసింది. పడిన చెట్లను ఎన్యుమరేటర్లు లెక్కపెట్టారు. గాలి హోరు వినబడితే ఉలికిపడే పిల్లలను లెక్కపెట్టినవారు లేరు.

వీటన్నింటిమీద చదువుల ఒత్తిడి ఒకటి. పదో తరగతి దాటగానే పిల్లలను పట్నపు వసతిగృహాల్లో పడవేసి, తెల్లవారుజామునుంచి అర్ధరాత్రివరకు ప్రవేశపరీక్షలకు తోమడం ఈ రాష్ట్రంలో ఒక పరిశ్రమగా సాగుతున్నది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణంనుంచి పుట్టిన వ్యాజ్యంలో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. నూరుమందిగాని అంతకు మించిగాని విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల ఒక సలహాదారును నియమించాలన్నది వాటిలో ముఖ్యమైనది. దేశానికంతటికీ వర్తించే ఆ తీర్పు ఉత్తరాంధ్ర నడిబొడ్డున జరిగిన దుఃఖంనుంచి పుట్టిందన్న సంగతి ఇక్కడి ఉపాధ్యాయులు మరువరాదు.

ఇటువంటి పిల్లలు ఎందరుంటారు? బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. ఆ సర్వేలో భాగంగా 13నుంచి 17 ఏళ్ల వయస్సువారిని పరిశీలించగా, నూటికి 7.3 మందిలో ఏదో ఒక మానసిక రుగ్మత కనబడింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అయినా ఈ పాళ్లే ఇక్కడా వర్తిస్తాయనుకుంటే, ఆ వయస్సు పిల్లలు 300 మంది ఉన్న ఉన్నతపాఠశాలలో ఇంచుమించు 22 మంది తేలుతారు. అంటే ప్రతి తరగతిగదిలోనూ ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఉపాధ్యాయుడికి వారు కొత్తవారు కారు. వెనుకబెంచీలో తలవంచుకొని కూర్చునేవాడు, ప్రశ్న అడిగితే చెమటలు పోసేవాడు, కారణం లేకుండా తోటివాడిమీద కలియబడేవాడు, సోమవారం సోమవారం కడుపునొప్పి అని సెలవుచీటీ పంపేవాడు – హాజరుపట్టీలో వారి పేర్లు ఉన్నవే.

దేహానికి వచ్చే చాలా జబ్బులకూ దీనికీ ఉన్న తేడాను ఇక్కడ గుర్తించాలి. మలేరియాకు మందు ఉంది. కొన్నాళ్లు మింగితే తగ్గుతుంది. పిల్లల మానసిక రుగ్మతల్లో మందుల పాత్ర చాలాచోట్ల స్వల్పం. వైద్యంలో అధికభాగం మాటతోనూ, అభ్యాసంతోనూ నడుస్తుంది. బడి అంటే భయపడే పిల్లవాడిని ఒక్కసారిగా బడిలోకి నెట్టరు. మొదటివారం వీథిచివరివరకు, తర్వాతివారం బడిగేటువరకు, ఆపైన ఒక్క పీరియడువరకు – ఇట్లా భయాన్ని మెట్టుమెట్టుగా అలవాటు చేసి అణగదొక్కుతారు. ఆ భయం వెనుక ఉన్న ఆలోచనలను వాడిచేతనే బయటికి చెప్పించి, వాటి తప్పొప్పులను వాడిచేతనే తూకం వేయిస్తారు. దానికి వారానికి ఒకసారి చొప్పున మూడునెలలైనా పడుతుంది. ఆటిజం వంటి ఎదుగుదల లోపమైతే మాట నేర్పేవారు ఒకరు, చేతిపని, నడవడి నేర్పేవారు ఒకరు, ఏళ్లతరబడి శ్రమించవలసి ఉంటుంది. తల్లికి కూడా శిక్షణ ఇవ్వాలి. ఎందుకంటే వారంలో గంటసేపు నేర్పింది తక్కిన ఆరురోజులూ ఇంట్లో సాగకపోతే నిలవదు. ఒక్కసారి అప్పుచేసి తీర్చుకోగలిగిన ఖర్చు కాదిది. మాటిమాటికీ వచ్చే ఖర్చు. పేదవాడి సంసారం పెద్దదెబ్బకు ఒకసారి తట్టుకొని నిలబడగలదుగాని, ప్రతివారం పడే చిన్నదెబ్బకు నిలవలేదు.

ఆ చిన్నదెబ్బ ఎంతటిదో లెక్క వేసి చూడవచ్చు. వైద్యుడికి ఒక్కపైసా ఇవ్వనక్కరలేదనే అనుకుందాం. విశాఖపట్నంలో చినవాల్తేరునందలి ప్రభుత్వ మానసిక వైద్యశాల పంతొమ్మిదో శతాబ్దంనుంచీ ఉన్నది; ఉత్తరాంధ్రకంతకూ పెద్దదిక్కు అదే. ఇచ్ఛాపురంనుంచి అక్కడికి 200 కిలోమీటర్లకు పైబడిన దూరం. పోవడానికి ఒకపూట, రావడానికి ఒకపూట. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధిహామీ కూలి రోజుకు 307 రూపాయలు. వారానికొకసారి చొప్పున 12 వారాలు తల్లి బిడ్డను తీసుకుపోతే ఆమె పోగొట్టుకునే కూలి 3,684 రూపాయలు. పట్నం తెలియని ఇల్లాలికి తోడుగా భర్తకూడా పోతే 7,368 రూపాయలు. 2025 ఆగస్టు 15నుంచి ఆడవారికి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం కల్పించారు; తల్లికి బస్సు ఛార్జీ తప్పింది, సంతోషమే. కాని పోయిన కూలి తిరిగిరాదు. పూటకూళ్ల ఖర్చూ తప్పదు. మూడోవారం వరికోతలకు పిలుపు వస్తే, ఆ రోజు ఆస్పత్రికి పోవడమా, కోతకు పోవడమా అన్న ప్రశ్నకు ఏ తల్లి అయినా ఏం జవాబు చెబుతుంది? ఉచితవైద్యమే అయినా నాలుగోవారానికి వైద్యం ఆగిపోవడంలోని రహస్యం ఇదే. వైద్యులు దీన్ని అశ్రద్ధ అంటారు. దానికి సరైన పేరు దారిద్ర్యం.

ఈ సంగతిని చట్టం గుర్తించకపోలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్‌లో, పిల్లలతో సహా ఏ మానసిక రోగీ వైద్యంకోసం దూరప్రయాణం చేయవలసిన అవసరం రారాదని, ఇంటికి దగ్గరలోనే వైద్యం దొరకాలని స్పష్టంగా ఉంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు చేతిలో లేకపోయినా ఉచితంగా చికిత్స చేయాలని ఉంది. జిల్లాలో ప్రభుత్వసేవ లేకపోతే అదే జిల్లాలో మరొకచోట చేయించుకున్న వైద్యానికి ఖర్చు ప్రభుత్వం భరించాలనికూడా ఉంది. ఇంత మంచి చట్టం పల్లెలో ఎవరికీ తెలియదు. తెలియని హక్కు లేని హక్కుతో సమానం. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమూ, 1996నుంచి జిల్లాలకు విస్తరించిన శాఖలూ, శ్రీకాకుళ విజయనగరాల్లోని ప్రభుత్వ వైద్యకళాశాలలూ కాగితంమీద ఈ దూరాన్ని చాలావరకు తగ్గించాయి. పుట్టిననాటినుంచి 18 ఏళ్లవరకు పిల్లలను పరీక్షించేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. ఎదుగుదల లోపాలను పసిగట్టడం దాని విధుల్లో ఒకటి. ప్రత్యేకావసరాలు గల పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆటిజం, బుద్ధిమాంద్యం, మస్తిష్క పక్షవాతం గల పిల్లలకు నిరామయ అనే బీమాకింద ఏడాదికి లక్షరూపాయలవరకు వైద్యం పొందే వీలుంది. నిర్ణీతమైన వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే 2024 జూలైనుంచి నెలకు 6,000 రూపాయల పింఛను ఉంది. వీటిని ఒక్కచోట కూర్చి, ఇది మీది, దీనికి ఈ కాగితం కావాలి, ఈ రోజున ఫలానాచోటికి పోవాలి అని చెప్పే మనిషి మాత్రం లేడు.

ఖర్చు ఒక అడ్డు అయితే, సిగ్గు దానికి తోడబుట్టినది. ఈ రెంటి చుట్టరికాన్ని ఉత్తరాంధ్ర కథకులు ఏనాడో చూశారు. విజయనగరం చాగంటి సోమయాజులు రాసిన “ఎందుకు పారేస్తాను నాన్నా” కథలో డబ్బులేక చదువు ఆగిపోయిన కుర్రవాడికి తన బడిముందునుంచి నడవడమే ఒక శిక్ష అవుతుంది. పేదరికం పిల్లవాడి కడుపునే కాదు, మనస్సునుకూడా కాలుస్తుందని ఆ చిన్నకథ చెప్పినంత సూటిగా పెద్దగ్రంథాలు చెప్పలేవు. కాళీపట్నం రామారావు “యజ్ఞం” కథ, అప్పు అనేది తండ్రినుంచి కొడుకుకు ఎంత భయంకరమైన ఆస్తిగా సంక్రమిస్తుందో చూపింది. బిడ్డ వైద్యానికి వడ్డీకి అప్పుచేసిన కుటుంబంలో ఆ బిడ్డకు తెలియకుండా ఏదీ ఉండదు. తనవల్లనే ఇంట్లో అప్పు పెరిగిందన్న తలపు వాడి బెంగను రెట్టింపు చేస్తుంది. అప్పుతో చేయించిన మనోవైద్యం ఒకచేత్తో ఇచ్చి మరొకచేత్తో పుచ్చుకున్నట్టవుతుంది.

భాష మరొక ముఖ్యవిషయం. కడుపునొప్పిని వేలితో చూపవచ్చు. బెంగను మాటతోనే చూపాలి. “గుండెల్లో గుబులుగుంటాది”, “ఏటో దడగుంటాది” అని చెప్పే పిల్లవాడి మాటలను పుస్తకాల తెలుగులోకో, ఇంగ్లీషులోకో దిద్దబోతే వాడు నోరు మూసుకుంటాడు. పార్వతీపురం, సీతంపేట కొండల్లో సవర పిల్లవాడికైతే తెలుగే పరభాష. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఈ సత్యాన్ని విద్యావిషయంలో ముందుగా గ్రహించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరభాష నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకొన్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. చదువుకు వర్తించిన న్యాయం మనోవైద్యానికి ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. కాబట్టి పట్నంనుంచి ఒక నిపుణుడు నెలకొకసారి వచ్చిపోవడంకంటె, ఆ ఊరి మాట తెలిసిన మనిషి ఆ మండలంలోనే ఉండడం మేలు. ఖర్చు దృష్ట్యా చూసినా అదే చవక.

పేదవాడి మనస్సుకు వైద్యమా అని నవ్వేవారు లోకంలో ఎప్పుడూ ఉన్నారు. వారికి వంద ఏళ్ల క్రిందటే జవాబు వచ్చింది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1918లో బుడాపెస్ట్ మహాసభలో మాట్లాడుతూ, పేదవాడికి శస్త్రచికిత్స పొందే హక్కు ఎంత ఉన్నదో మనోవైద్యం పొందే హక్కూ అంతే ఉన్నదని వాదించాడు. ఆ ప్రేరణతో 1920లో బెర్లిన్‌లోనూ, 1922లో వియన్నాలోనూ చెల్లించలేనివారికి ఉచితంగా వైద్యంచేసే శాలలు వెలిశాయి. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1933లో కార్మైకేల్ వైద్యకళాశాలలో మానసిక రోగులకు బయటిరోగుల విభాగం ప్రారంభించాడు. ఫ్రాయిడ్ పుట్టిన యూదుజాతిలో దానాన్ని గురించి ఒక విశిష్టమైన భావన ఉన్నది. హెబ్రూ భాషలో దానానికి వాడే త్సెదాకా అనే మాటకు మూలార్థం న్యాయం. లేనివాడికి ఇవ్వడం ఇచ్చేవాడి దయ కాదు, పుచ్చుకునేవాడి న్యాయమైన వాటా అని దాని తాత్పర్యం. పన్నెండో శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పి, తీసుకునేవాడు తన కాళ్లమీద తాను నిలబడేటట్టు చేసేదాన్ని పైమెట్టుమీదా, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు తెలియనిదాన్ని దాని క్రిందిమెట్టుమీదా నిలిపాడు. నేటికీ యూదుల పేటల్లో వడ్డీలేని అప్పులిచ్చే చిన్నచిన్న నిధులు ఇంటింటి పూచీమీద నడుస్తాయి. పిల్లల మనోవైద్యానికి డబ్బు చాలని కుటుంబాలకు అండగా నిలవడంకూడా ఈ సంప్రదాయానికి సహజమైన విస్తరణే. ఆ జాతి ఆంధ్రులకు మరీ దూరమైనది కాదు. గుంటూరుజిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే పేరుతో యూదుమతం పాటించే తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి.

ఇటువంటి సంప్రదాయం తెలుగునాట లేదనుకోనక్కరలేదు. విజయనగరంవంటి పట్టణాల్లో ఒకనాడు పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకున్నారు. ఇంటికొక రోజు చొప్పున ఏడు ఇళ్లు కలిసి ఒక పిల్లవాడికి అన్నం పెట్టి చదువు చెప్పించిన పద్ధతి అది. ఆ పద్ధతిలో కులం కట్టుబాట్లుండేవి. పెట్టేవాడి ముఖం చూసి తినవలసిన అవమానమూ ఉండేది. ఆ రెండు దోషాలనూ తీసివేస్తే మిగిలే సారం గొప్పది: ఏ ఒక్క ఇల్లూ మోయలేని బరువును ఏడిళ్లు మోశాయి. ఆ పద్ధతినే కొత్తరూపంలో మళ్లీ నిలబెట్టవచ్చు. 300 మంది పిల్లలున్న పాఠశాలలో ఇంటికి నెలకు పది రూపాయలు ఇచ్చినా ఏడాదికి 36,000 రూపాయలు పోగవుతాయి. ఒక తల్లి పన్నెండు వారాల కూలినష్టం 3,684 రూపాయలని పైన తేలింది. అంటే ఆ నిధి ఏడాదికి తొమ్మిదిమంది పిల్లలను వైద్యం మధ్యలో ఆగిపోకుండా కాపాడగలదు. హైదరాబాదులోనూ, అమెరికాలోనూ స్థిరపడిన పూర్వవిద్యార్థులు బడికి కమాను కట్టించే ఖర్చులో సగం ఇస్తే ఇంకా ఎందరినో ఆదుకోవచ్చు. పదిరూపాయలు ఇవ్వలేని ఇంటిని అడగనే కూడదు.

ఈ నిధి ఎట్లా ఉండాలన్న విషయంలో కొన్ని నియమాలు అవసరం. నిధి వైద్యుడి ఫీజుకు కాదు. ఫీజు భరించవలసింది ప్రభుత్వం. ఆ బాధ్యతను ఊరివారు నెత్తిన వేసుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుంది. నిధి కూలినష్టానికీ, దారిఖర్చుకూ, పూట భోజనానికీ పరిమితం కావాలి. డబ్బు ప్రయాణానికి ముందే చేతికి అందాలి. రసీదులు చూపి తర్వాత తీసుకొమ్మంటే చేతిలో లేనివారికి అది లేనట్టే. ఎవరికి ఇచ్చిందీ ప్రధానోపాధ్యాయుడికీ, పొదుపుసంఘపు పెద్దకూ తప్ప మూడోవారికి తెలియరాదు. సభపెట్టి, దండవేసి, ఫొటో తీసి ఇచ్చే సహాయం పిల్లవాడి నెత్తిన పిచ్చివాడన్న ముద్ర వేస్తుంది. ఆ ముద్ర వేసే సహాయంకంటె సహాయం లేకపోవడమే నయం. లెక్కలు మాత్రం పేర్లు లేకుండా ఊరందరికీ చూపాలి. రాష్ట్రంలో పొదుపుసంఘాల స్త్రీలు దశాబ్దాలుగా పైసా పోకుండా లెక్కలు నడుపుతున్నారు. వారికి ఈ పని కొత్త కాదు.

ఇక ఉపాధ్యాయుడి పాత్ర. మనోవైద్యంకూడా ఉపాధ్యాయుడే చేయాలని కొందరు ఉత్సాహవంతులు చెబుతారు. జనాభా లెక్కలనుంచి ఎన్నికలవరకు ఇప్పటికే సకలకార్యాలూ ఆయన నెత్తిన ఉన్నాయి. ఉత్సాహం ఒక ఎత్తు, అనుభవం ఒక ఎత్తు. బీహారులోని నలందాజిల్లాలో 74 ఉన్నతపాఠశాలల్లో జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడ్డాయి. పిల్లల ఆరోగ్యకార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ఉపాధ్యాయులకు, కొన్ని బడుల్లో శిక్షణ పొందిన మామూలు సలహాదారులకు అప్పగించారు. సలహాదారులున్న బడుల్లో పిల్లల దిగులు, తోటివారిని వేధించడం, కొట్లాటలు గణనీయంగా తగ్గాయి. ఉపాధ్యాయులకు అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. ఇది ఉపాధ్యాయుల లోపం కాదు. మార్కులువేసే చేతికి మనస్సు విప్పి చూపడం ఏ పిల్లవాడికైనా కష్టమే. పైగా ఆ సలహాదారులు పెద్దడిగ్రీల నిపుణులు కారు. ఆ ప్రాంతపు మాట తెలిసి, క్రమశిక్షణతో తర్ఫీదు పొంది, పైనుంచి నిపుణుల పర్యవేక్షణ ఉన్న సామాన్యులు. అటువంటి మనిషిని మండలానికి ఒకరినైనా నియమిస్తే, 22 మందిలో అధికభాగానికి ఊళ్లోనే ఊరట దొరుకుతుంది. పట్నపు వైద్యుడిదాకా పోవలసినవారు కొద్దిమందే మిగులుతారు. అప్పుడు తొమ్మిదిమందికి సరిపోయే నిధి నిజంగానే సరిపోతుంది. సుప్రీంకోర్టు ఆదేశాన్ని ఈ రూపంలో అమలుజరపమని అడగడానికి ఉపాధ్యాయసంఘాలకంటె తగినవారు లేరు.

ఉపాధ్యాయుడు చేయవలసింది, ఆయన మాత్రమే చేయగలిగింది, గుర్తించడం. రెండువారాలకు మించి నిలిచిన మార్పును గమనించడం, పిల్లవాడిని పదిమందిలో ప్రశ్నించక విడిగా పలుకరించడం, తల్లిదండ్రులకు నచ్చజెప్పడం, ఏ ఆస్పత్రికి ఏ రోజున పోవాలో కాగితంమీద రాసి ఇవ్వడం. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 అన్న నంబరుకు పైసా ఖర్చులేకుండా ఫోనుచేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ అంకెలు ప్రతి తరగతిగోడమీదా ఉండదగినవి. చనిపోతానని పిల్లవాడు ఒక్కసారి అన్నా దాన్ని బెదిరింపుగా కొట్టివేయక, ఆ క్షణంనుంచి వాడిని ఒంటరిగా వదలక, వైద్యుడివద్దకు చేర్చాలి. వైద్యుడి పేరిట బోర్డు కట్టుకున్నవారందరూ వైద్యులు కారన్నదీ గుర్తుంచుకోవాలి. వ్యాధులకు చికిత్సచేసే మనస్తత్వ నిపుణుడికి భారత పునరావాసమండలి నమోదు ఉండాలి. ఆ నమోదుసంఖ్య అడగడం అమర్యాద కాదు.

వెనుకటి తరాలు ఇంతకంటె ఎన్నో కష్టాలుపడి, ఏ మనోవైద్యమూ లేకుండానే పెరిగి పెద్దవి కాలేదా అని పెద్దలు అడుగుతారు. పెరిగినవారు అడుగుతున్నారు, పెరగనివారు అడగడానికి లేరు. బావుల్లో, చెరువుల్లో ముగిసిపోయిన బ్రతుకులకు కాలుజారిందని పేరుపెట్టి ఊరుకున్న ఊళ్లెన్నో. వెనుకటి కాలంలో ఉమ్మడికుటుంబంలో పిల్లవాడు అమ్మతో చెప్పుకోలేనిది పెద్దమ్మతో చెప్పుకున్నాడు. ఇప్పుడు పెద్దమ్మ హైదరాబాదులో ఇటుకలు మోస్తున్నది. ఆమె స్థానంలో ఎవరో ఒకరు కూర్చోవాలి కదా! మరికొందరు, సర్వం ప్రభుత్వమే చేయాలి, చందాలెందుకంటారు. ప్రభుత్వం చేయవలసిందే, చట్టం చేతికిచ్చి అడగవలసిందే. కాని అర్జీ కదిలేవరకు పదమూడేళ్ల పిల్ల పదమూడేళ్లదిగానే నిలిచి ఉండదు. ఆమె బాల్యం గడువు అర్జీల గడువుకంటె చిన్నది.

పాఠశాలలు తెరిచే జూన్ నెలలో పుస్తకాలు, దుస్తులు, భోజనం లెక్కలు చూసుకుంటారు. ఆ జాబితాలో ఇంకొక్క పంక్తి చేర్చుకోవచ్చు: నిరుడు కారణం చెప్పకుండా బడి మానివేసినవారెవరు? ఆ పేర్లు తీసి, ఒక్కొక్క ఇంటికి ఒకసారి నడిచిపోయి కనుక్కుంటే, కొందరు పనికి పోయారని, కొందరికి పెళ్లి అయిందని తెలుస్తుంది. ఆ రెండు జాబితాల్లోనూ చేరని కొందరు ఇంటి వెనుకగదిలో గోడవైపు తిరిగి పడుకొని ఉంటారు. నిధి ఎవరికోసమో, సలహాదారు ఎవరికోసమో, 2017 చట్టం ఎవరికోసమో వారిని చూసిన తర్వాత ఎవరూ అడగరు.